మిజూలాలో ఒక పూట

2007 ఆగస్టు. అమ్మా నాన్నా మొదటిసారి అమెరికా వచ్చి, సియాటిల్‌లో మా ఇంట్లో రెండు నెలలుగా ఉంటున్నారు. ఆ రెండు నెలల్లో నాన్నకు మనసుకు పట్టింది ఒక్కటే, మా వీధి చివర ఉన్న పెద్ద దేవదారు జాతి చెట్టు. రోజూ సాయంత్రం వెళ్ళి దాని బెరడు గిల్లి వాసన చూసి వచ్చేవారు. మిగిలినవన్నీ ఆయనకు "బాగుందమ్మా" అనే ఒక్క మాటతో సరిపోయాయి. స్పేస్ నీడిల్ ఎక్కిస్తే బాగుందమ్మా, మా ఆఫీసు చూపిస్తే బాగుందమ్మా. ఆ మాటకు అర్థం మా ఇంట్లో అందరికీ తెలుసు. చూసింది చాలు, ఇంటికి పోదాం పదండి అని.

అందుకే గ్లేసియర్ పార్కుకు బయలుదేరినప్పుడు దారిలో మోంటానా రాష్ట్రంలోని మిజూలా అనే ఊళ్ళో ఒక పూట ఆగుదామని పట్టుబట్టింది నేనే. నాన్న ముప్ఫై రెండేళ్ళు అటవీ శాఖలో పనిచేశారు. గార్డుగా చేరి సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యారు. ఆత్మకూరు, దోర్నాల, గిద్దలూరు, ఎక్కడికి బదిలీ అయినా నల్లమల దాటింది లేదు. నా చిన్నతనమంతా గిద్దలూరు క్వార్టర్స్‌లోనే గడిచింది. మాఘం వెళ్ళిందంటే నాన్న ఇంట్లో ఉండేవారు కాదు. మంట దాటకుండా గడ్డీ గాదం తీసి ఫైర్ లైన్లు కొట్టించడం, వాచర్లను పెట్టడం, రాత్రిళ్ళు ఏ కొండ మీద ఎర్రగా కనబడుతోందో చూడటం. ఇంటికి వస్తే చొక్కా నిండా పొగ వాసన. మా ఇంటికి ఏటా సంక్రాంతికి తేనె తెచ్చే ఒక చెంచు మనిషి ఉండేవాడు. అమ్మ మజ్జిగ ఇస్తే, గ్లాసును రెండు మణికట్ల మధ్య ఇరికించి పైకెత్తి తాగేవాడు. అడవిలో వాళ్ళు అలాగే తాగుతారేమో అనుకునేదాన్ని. నేనూ అలా తాగబోయి గౌను మీద పోసుకుని దెబ్బలు తిన్నాను కూడా.

"విమానంలోంచి పారాచూట్‌తో అడవిలోకి దూకి మంటలు ఆర్పేవాళ్ళున్నారు నాన్నా, స్మోక్‌జంపర్లంటారు. వాళ్ళకు శిక్షణ ఇచ్చే చోటు చూద్దాం" అన్నాను.

"మంటలోకి దూకుతారా?"

"మంటలోకి కాదు, పక్కన."

"పక్కన అని గాలికెవరు చెప్పారు?" అన్నారు నాన్న. కానీ ఆ రోజు బూట్లు అందరికంటే ముందు తొడుక్కున్నది ఆయనే.

ఐ-90 రహదారి మీద తూర్పుగా పోతుంటే ఇడాహోలో వాలెస్ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడ ఆగి, చెట్టు కింద కూర్చుని పులిహోర తిన్నాం. ఆ కొండల్లోనే 1910 ఆగస్టు 20, 21 తేదీల్లో, రెండంటే రెండు రోజుల్లో, దాదాపు 30 లక్షల ఎకరాల అడవి కాలిపోయింది. ఎడ్ పులాస్కీ అనే రేంజరు తన దగ్గర పనిచేస్తున్న 45 మంది దాకా మనుషులను ఒక పాత గని సొరంగంలోకి తోలాడు. భయంతో బయటికి పరుగెత్తబోయినవాళ్ళకు పిస్తోలు చూపించి ఆపాడు. కొందరు లోపలే ఊపిరాడక పోయారు. ఎక్కువమంది తెల్లవారి బతికి బయటపడ్డారు. ఇదంతా చెబితే నాన్న పులిహోరలో మిరపకాయ పక్కకు తీస్తూ, "ఆయన దగ్గర పిస్తోలుంది కాబట్టి సరిపోయింది. నా దగ్గర విజిలు ఒకటే ఉండేది" అన్నారు.

మర్నాడు పొద్దున మిజూలాలో లేచేసరికి ఊరు పొగలో మునిగి ఉంది. చుట్టూ కొండలు, మధ్యలో గిన్నెలా ఊరు. చుట్టుపక్కల అడవులు అప్పటికి కొన్ని రోజులుగా కాలుతున్నాయి. పదకొండు గంటలకు కూడా సూర్యుణ్ణి కళ్ళు చిట్లించకుండా చూడగలిగాం, పాత రాగి పైసాలా ఉన్నాడు. మా ఆయన, ప్రయాణం వాయిదా వేద్దామా అన్నారు. నాన్న కారు అద్దం దించి గాలి పీల్చారు. "ఇది పైను. మన బోద గడ్డి పొగ ఇంత తియ్యగా ఉండదు" అన్నారు. రెండు నెలల్లో ఆయన ముఖంలో అంత ఉత్సాహం అదే మొదటిసారి చూడటం. ఊరంతా దగ్గుతుంటే ఈయన సంబరపడటం నాకు సిగ్గనిపించింది.

స్మోక్‌జంపర్ల కేంద్రం విమానాశ్రయం పక్కనే ఉంటుంది. 1954 సెప్టెంబరులో అధ్యక్షుడు ఐసన్‌హోవర్ స్వయంగా వచ్చి ప్రారంభించారు. ఇలాంటి కేంద్రాలు అమెరికాలో తొమ్మిది ఉన్నాయి, అన్నిటిలోకీ పెద్దది ఇదే. ముందు చిన్న ప్రదర్శనశాల, 1930ల నాటి కావలి గుడిసె నమూనా. పైసా తీసుకోకుండా లోపలంతా తిప్పి చూపిస్తారు. మాకు చూపించడానికి వచ్చిన కుర్రవాడికి ఆ వేసవిలోనే మోకాలికి దెబ్బ తగిలిందట. దూకవద్దని డాక్టరు చెబితే, మాలాంటివాళ్ళ వెంట తిరిగే పని అప్పగించారు. మెడ మీద ఎండకు మాడిన గీత, అరచేతుల్లో కాయలు. నాన్న ముందు చూసింది ఆ కాయలే.

మొదట దుస్తుల గదికి తీసుకువెళ్ళాడు. గోడ పొడుగునా కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక్కొక్కరి దూకుడు దుస్తులు, శిరస్త్రాణం. సగానికి పైగా ఖాళీగా ఉన్నాయి. ఖాళీ కొక్కెం అంటే ఆ మనిషి ఏదో ఒక కొండ మీద ఉన్నట్టు. పక్కన బోర్డు మీద ఎవరి తరువాత ఎవరో వరస. సైరన్ మోగితే ఆ వరసలో ముందున్నవాళ్ళు నిమిషాల్లో ఆ బరువంతా తొడుక్కుని విమానం ఎక్కాలి. తొమ్మిదేళ్ళ మా అబ్బాయికి ఆ మాటతో ప్రాణం లేచి వచ్చింది. ఇక ఆ పూటంతా వాడు ఏదీ వినలేదు, సైరన్ కోసమే చూశాడు. చెప్పేస్తున్నాను, అది మోగలేదు.

ఆ దుస్తులు నిప్పుకు ఓర్చే కెవ్లార్ గుడ్డతో కుట్టినవి. లోపల దట్టమైన మెత్తలు, చెట్టు కొమ్మలు గొంతులో గుచ్చుకోకుండా చెవుల దాకా లేచి ఉండే కాలరు, ముఖానికి ఇనుప తీగల జల్లెడ. కాలి మీద పెద్ద జేబు, అందులో పొడుగాటి తాడు. పారాచూట్ చెట్టు కొసన చిక్కుకుని మనిషి వేలాడితే, ఆ తాడు కట్టుకుని కిందికి జారాలి. దిగాక మళ్ళీ అదే చెట్టెక్కి పారాచూట్‌ను దించుకోవాలి. ఈ చివరి మాట తర్జుమా చేసి చెప్పగానే నాన్న నవ్వారు. "ఎక్కడైనా అంతే. సర్కారు సొమ్ము చెట్టు మీద వదిలి రాకూడదు."

ఆ తరువాత చూపించింది అమ్మ రాజ్యం. అక్కడి నుంచి ఆ పూట ఆవిడదే.

ఒక ఎత్తయిన గోపురం లాంటి గది. లోపల పైకప్పు నుంచి పారాచూట్లు వేలాడుతున్నాయి, పెళ్ళయిపోయాక విప్పి ఆరేసిన పందిరి గుడ్డల్లా. అడవి నుంచి తిరిగి వచ్చిన ప్రతి పారాచూట్‌ను ఇలా వేలాడదీసి, ఆరబెట్టి, పుల్లలూ ఆకులూ దులిపి, చిరుగుల కోసం అంగుళం అంగుళం వెతుకుతారు. పక్క గదిలో బారెడేసి బల్లలు. వాటి మీద పారాచూట్లను పరచి మడతలు పెడతారు. ఆ రోజుల్లో అక్కడ వాడేవి గుండ్రటివి. చదరపువి తరువాతి సంవత్సరాల్లో వచ్చాయి. ఇద్దరు మగవాళ్ళు ఒక మాట కూడా మాట్లాడకుండా మడుస్తున్నారు. అమ్మ చేతులు కట్టుకుని నిలబడి చూసింది. పట్టుచీర మడత ఏటా మార్చకపోతే మడత దగ్గర చిరుగుతుందని మాకు చిన్నప్పటి నుంచీ పాఠం చెప్పిన మనిషి. ప్రతి పారాచూట్‌కూ ఒక చీటీ ఉంటుంది, ఎవరు మడిచారో అందులో సంతకం ఉంటుంది. మడిచినవాడే వేసుకోవాలని లేదు, ఒకరు మడిచింది ఇంకొకరి వీపు మీదికి వెళుతుంది. "అయితే ఇక్కడ తోడికోడళ్ళ గొడవలు ఉండకూడదు" అంది అమ్మ. నేను దీన్ని తర్జుమా చేయడానికి ఎంత తంటాలు పడ్డానో చెప్పలేను.

తరువాతి గదిలో కుట్టు మిషన్లు. వరసగా, పెద్దవి, ఫ్యాక్టరీల్లో వాడేవి. వాటి ముందు గడ్డాలు పెంచిన, భుజాలు తలుపంత ఉన్న మగవాళ్ళు కూర్చుని కుడుతున్నారు. వాళ్ళు వేసుకునే దుస్తులూ, వీపు సంచులూ, పట్టీలూ చాలావరకు వాళ్ళే కుట్టుకుంటారు. ఈ పనికి కావలసినవి బజారులో దొరకవు. దొరికినా, తన ప్రాణం వేలాడే కుట్టు తాను వేసుకుంటే ఆ ధైర్యం వేరు. మంటలు లేని రోజుల్లో ఎక్కువగా జరిగే పని ఇదే. కొత్తగా చేరినవాడికి మిషన్ తొక్కడం రాకపోతే పాతవాళ్ళు నేర్పుతారు.

అమ్మ నలభై ఏళ్ళుగా ఉషా మిషన్ మీద జాకెట్లు కుడుతున్న మనిషి. నాన్న జీతం సంగతి తెలుసు కాబట్టి, మా చదువుల్లో ఆ మిషన్ వాటా ఎంతో కూడా నాకు తెలుసు. బల్ల మీద ఉన్న ఒక సంచిని చూపించి, తీసుకోవచ్చా అని సైగ చేసింది. అతను అందించాడు. ఆవిడ దాన్ని తిరగేసింది. కుట్టు సంగతి లోపలి వైపు చూస్తేనే తెలుస్తుందని ఆవిడ సిద్ధాంతం. దారం బొటనవేలితో గీకింది, మూల దగ్గర పట్టీ పట్టుకుని గట్టిగా లాగింది. అందరూ ఊపిరి బిగబట్టినట్టు నిలబడ్డాం. "మంచి పనివాళ్ళే. మూలల్లో నాలుగుసార్లు తిప్పారు" అని సంచి ఇచ్చేసింది. నేను ఇంగ్లీషులో చెప్పగానే మిషన్ల ముందున్న వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళు లేరా అని అడిగింది తరువాత. ఉన్నారు, తక్కువ. 1981లో ఇడాహోలోని మెకాల్ కేంద్రంలో డియాన్ షుల్మన్ అనే ఆవిడ మొదటిసారి ఈ శిక్షణ పూర్తి చేసింది. అంతకుముందు ఆడవాళ్ళను రానివ్వలేదు. "మగవాళ్ళు మిషన్ తొక్కడానికి మాత్రం రావచ్చా?" అంది అమ్మ. దీన్ని నేను తర్జుమా చేయలేదు.

గాలి సంగతి నాన్నకు ఇంకా తేలలేదు. ఆ మాటే అడిగితే, అతను గోడ పక్క పెట్టెలోంచి రంగు కాగితం చుట్ట ఒకటి తీశాడు. ముడతల కాగితం, పెళ్ళి మండపాలకు కడతారే అలాంటిది, కొసన చిన్న బరువు. విమానం మంట మీదికి రాగానే, లోపల ఉండే పెద్ద మనిషి ఒకడు వీటిని కిందికి వదులుతాడు. అవి విప్పుకుని తేలుతూ ఎటు పోతే గాలి అటు ఉన్నట్టు, ఎంత దూరం పోతే అంత బలం ఉన్నట్టు. దాన్నిబట్టి ఎక్కడ దూకితే ఎక్కడ వాలతారో లెక్క. అది తేలాకే మనుషులు, ఒక్కో విడతకు ఇద్దరేసి, ఆ రోజుల్లో సుమారు 1,500 అడుగుల ఎత్తు నుంచి. వాళ్ళు దిగాక విమానం చెట్ల కొసల దాకా దిగివచ్చి పెట్టెలు వదులుతుంది. రంపాలు, గొడ్డళ్ళు, నీళ్ళు, రెండు రోజుల తిండి. నాన్న ఆ కాగితాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు తిప్పి చూశారు. "మేము దుమ్ము ఎగరేసేవాళ్ళం. ఇదీ అదే" అన్నారు. అదే కాదు అని నేను అనబోయి ఆగాను. నిజానికి అదే.

1930ల్లో ఈ ఆలోచన మొదట వచ్చినప్పుడు, ఆ ప్రాంతపు అటవీ శాఖ పెద్ద ఎవాన్ కెల్లీ కొట్టిపారేశాడు. పారాచూట్‌తో దూకేవాళ్ళంతా కాస్తో కూస్తో పిచ్చివాళ్ళే, లేకపోతే ఆ పనికి ఎందుకు దిగుతారు అన్నది ఆయన వాదన. 1939లో వాషింగ్టన్ రాష్ట్రంలోని విన్‌థ్రాప్ దగ్గర ప్రయోగాలు జరిగాయి. 1940 జూలై 12న ఇడాహోలో మార్టిన్ క్రీక్ దగ్గర లేచిన మంటకు మొదటిసారి నిజంగా దూకారు. రూఫస్ రాబిన్సన్ ముందు, ఎర్ల్ కూలీ వెనుక. కూలీ పారాచూట్ తాళ్ళు మెలిక పడి, ఆయన ఒక స్ప్రూస్ చెట్టు మీద దిగాడు. పిచ్చివాళ్ళన్న మాట పూర్తిగా అబద్ధమని మాత్రం ఆ రోజు ఎవరూ అనలేకపోయి ఉంటారు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చి కుర్రవాళ్ళంతా సైన్యంలోకి పోయాక, ఈ పనికి మనుషులు కరువయ్యారు. అప్పుడు 1943 నుంచి ఇక్కడ దూకినవాళ్ళలో ఎక్కువమంది, మతవిశ్వాసం వల్ల ఆయుధం పట్టబోమన్నవాళ్ళు. క్వేకర్లు, మెన్నొనైట్లు లాంటి క్రైస్తవ శాఖలవాళ్ళు. చంపడానికి పోమన్నందుకు ఊళ్ళో పిరికివాళ్ళని పేరు తెచ్చుకున్నవాళ్ళు విమానంలోంచి నిప్పు మీదికి దూకారు. నాన్న గాంధీ పేరు వింటేనే కుర్చీలో సర్దుకుని కూర్చునే తరం మనిషి. ఈ ఫోటోల దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు. పక్కనే 1945లో ఇదే పని చేసిన నల్లజాతి సైనికుల బెటాలియన్ కథ. అది ఒక్క పేరాలో చెప్పి వదిలేయడం నాకు ఇష్టం లేదు, ఇంకోసారి.

మా అబ్బాయి ముఖం అప్పటికి వాడిపోయింది. మోకాలి కుర్రవాడు గమనించి, చంద్రుడి దగ్గరికి వెళ్ళినవాడొకడు ఒకప్పుడు ఈ పని చేశాడు తెలుసా అన్నాడు. స్టూవర్ట్ రూసా. 1953లో ఆరెగన్‌లో దూకాడు. 1971లో అపోలో 14లో చంద్రుడి చుట్టూ తిరుగుతూ వందల చెట్ల విత్తనాలు వెంట తీసుకుపోయాడు. తిరిగి వచ్చాక వాటిని నాటితే మొలిచాయి. వాడికి రాకెట్టు మీద పది ప్రశ్నలు. వాళ్ళ తాతయ్యకు ఒకటే ప్రశ్న, ఏ ఏ జాతి విత్తనాలని.

అసలు ప్రశ్న నాన్న చివరికి దాచుకున్నారు. అప్పటిదాకా అందరం దూకడం గురించే అడిగాం. ఎంత ఎత్తు, భయం వేయదా, కాళ్ళు విరగవా. ఈయన అడిగింది ఇది. "సరే, పోవడం విమానంలో పోయారు. రావడం ఎలా వస్తారు?"

అతను ఒక్క క్షణం నాన్న వైపు చూసి నవ్వాడు. నడిచి, అన్నాడు. దూకినప్పటి సామానంతా, పారాచూట్‌తో సహా, మడిచి వీపుకు ఎత్తుకుని, దగ్గరలోని దారి దాకా. ఆ బరువు 110 పౌండ్ల దాకా ఉంటుంది. శిక్షణలో 110 పౌండ్లు మోసుకుని 3 మైళ్ళు గంటన్నరలో నడవలేనివాణ్ణి ఇంటికి పంపేస్తారు. నేను లెక్క కట్టి యాభై కిలోలన్నాను. "యూరియా బస్తా" అన్నారు నాన్న వెంటనే. యూరియా బస్తా వీపున వేసుకుని, దారి లేని కొండ దిగడం. విమానం నిమిషాల్లో తీసుకుపోయిన దూరాన్ని కాళ్ళతో వెనక్కి చుట్టుకుంటూ రావడం. ఆ తరువాత వాళ్ళిద్దరికీ నా తర్జుమాతో పెద్దగా పని పడలేదు. అతను పులాస్కీ తెచ్చి నాన్న చేతికిచ్చాడు. ఒక వైపు గొడ్డలి, ఇంకో వైపు పార. వాలెస్ సొరంగంలో పిస్తోలు పట్టుకున్న ఆ రేంజరు పేరు మీద వచ్చిన పనిముట్టే. నాన్న బరువు చూసి, రెండు చేతులూ జరిపి, ఊరికే గాలిలో నేల మీద గీసినట్టు చూపించారు. ఆకూ అలమూ వేరూ తీసేసి, కింద మట్టి కనబడేదాకా. అతను తల ఊపాడు. ఆ తరువాత నాన్న వంగి నేల మీద చేయి బోర్లించి, చేతి వెనుక భాగంతో తడిమినట్టు చూపించారు. బూడిద కింద వేడి ఉందా అని. అతను అదే చేసి చూపించాడు. ఒకడిది నల్లమల, ఒకడిది మోంటానా, ఇద్దరూ కార్పెట్ మీద వంగి లేని బూడిదను తడుముతున్నారు. మా ఆయన ఫోటో తీశారు. అది ఇప్పటికీ మా హాల్లో ఉంది. చూసినవాళ్ళంతా ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నారా అని అడుగుతారు.

బయటికి వచ్చే దారిలో పోయినవాళ్ళ జ్ఞాపక చిహ్నం ఉంది. పేర్లలో ఎక్కువ ఒకే తేదీవి. 1949 ఆగస్టు 5, మాన్ గల్చ్. మేము వెళ్ళింది ఆ తేదీ దాటిన కొద్ది రోజులకే.

హెలెనా ఊరికి ఉత్తరాన, మిస్సోరీ నది ఒడ్డు కొండల్లో చిన్న మంట. మిజూలా నుంచి సీ-47 విమానంలో 16 మంది బయలుదేరారు. గాలి కుదుపులకు ఒకడికి కడుపులో తిప్పి, వాంతులై, దూకలేకపోయాడు. 15 మంది దూకారు. రేడియోకు కట్టిన పారాచూట్ విచ్చుకోక అది ముక్కలైంది. కింద ఒక అటవీ గార్డు వచ్చి కలిశాడు. నది వైపు దిగుతుంటే మంట లోయ దాటి వాళ్ళ కిందికి వచ్చేసింది. ఎండు గడ్డి, ఎదురు ఎక్కుడు. ఎక్కుడులో మనిషి నెమ్మదిస్తాడు, నిప్పు వేగం పెంచుతుంది. నాయకుడు వాగ్ డాడ్జ్ ఉన్నట్టుండి ఆగి, అగ్గిపుల్ల గీసి, తన ముందున్న గడ్డికి తానే నిప్పు పెట్టాడు. అది కాలిపోయిన బూడిదలోకి రమ్మని అందరినీ పిలిచాడు. ఎవరూ రాలేదు. వెనుక మంట తరుముతుంటే ముందు మంట పెట్టేవాణ్ణి చూసి మతి పోయిందనుకుని ఉంటారు. ఆయన బూడిదలో బోర్లా పడుకుని బతికాడు. ఇద్దరు కొండ అంచు రాళ్ళ సందులోంచి అవతలికి దూరి బతికారు. 13 మంది పోయారు. విమానంలో నిలబడి వాళ్ళను దూకించిన మనిషి ఎర్ల్ కూలీ, తొమ్మిదేళ్ళ కిందట చెట్టు మీద దిగిన ఆ కూలీయే.

"కాలినచోట మళ్ళీ కాలదు" అన్నారు నాన్న మెల్లగా. "ఎదురు మంట మేమూ పెడతాం. కానీ అది పెట్టి వెనక్కి వస్తాం. దాంట్లోకి పోవాలని తట్టడం..." అని ఆగిపోయారు. కాసేపటికి అడిగారు.

"దూకకుండా వెనక్కి పోయినతను ఏమయ్యాడు?"

ఆ రోజే ఉద్యోగం మానేశాడట, అన్నాడు కుర్రవాడు. నాన్న ఇక ఏమీ అడగలేదు.

విమానాశ్రయానికి అవతలి వైపు చిన్న విమానాల మ్యూజియం ఒకటుంది. ఆ సీ-47 అక్కడే ఉంది. మధ్యాహ్నం అక్కడికీ వెళ్ళాం. మా అబ్బాయి కిటికీలు లెక్కపెట్టాడు. నాన్న తలుపు లేని ఆ ద్వారం కింద నిలబడి పైకి చూస్తూ ఉండిపోయారు. బాగుందమ్మా అంటారేమో అని చూశాను, అనలేదు.

ఆ రాత్రి హోటల్లో నాన్న త్వరగా పడుకున్నారు. అమ్మా నేనూ బయట వరండాలో కూర్చున్నాం. పొగ ఇంకా ఉంది. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చెప్పింది.

"నువ్వు మూడో తరగతి. ఫాల్గుణ మాసం. మీ నాన్నకు చలిజ్వరం, మూడు దుప్పట్లు కప్పినా వణుకు. కొండ అంటుకుందని రాత్రి కబురొచ్చింది. లేవబోయి గుమ్మంలో పడిపోయారు. కింద పనిచేసే చెంచు కుర్రవాణ్ణి, వాచరు, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు, నువ్వు ముందు పో, తెల్లారేసరికి నేనొస్తానని పంపించారు. వాడు రెండు చేతులూ కాల్చుకుని వచ్చాడు. వేళ్ళు అతుక్కుపోయాయి. నువ్వు చూశావుగా, తేనె తెచ్చేవాడు."

గ్లాసు పట్టుకున్న ఆ రెండు మణికట్లు కళ్ళముందుకు వచ్చాయి. ఎన్ని సంక్రాంతులు చూశాను వాటిని. ఆ వేళ్ళ వంక ఒక్కసారి కూడా చూడలేదు.

"నెల నెలా డబ్బు పంపేవారు. రిటైరయ్యాక కూడా. వాడు వద్దంటాడు, ఈయన మానరు. ఆ తేనె అందుకే" అంది అమ్మ. ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్ళి పడుకుంది.

మర్నాడు గ్లేసియర్ పార్కు చూశాం. బాగుంది. దాని గురించి రాయడానికి చాలామంది ఉన్నారు.

ఎర్ల్ కూలీ 2009 నవంబరులో, 98 ఏళ్ళ వయసులో, మిజూలాలోనే పోయారు. అంటే మేము ఆ జ్ఞాపక చిహ్నం ముందు నిలబడిన పూట, ఆయన ఆ ఊళ్ళోనే ఎక్కడో ఆ పొగే పీలుస్తూ కూర్చుని ఉన్నారు. ఆ వార్త చదివాక నాన్నకు చెప్పాలనుకుని కూడా చెప్పలేదు.

2019 మే నెలలో ఇంకో వార్త వచ్చింది. మ్యూజియంలో కదలకుండా ఉన్న ఆ సీ-47ను ఊరివాళ్ళు బాగుచేసుకుని ఎగిరించారు. నార్మండీ యుద్ధానికి 75 ఏళ్ళయిన సందర్భానికి అది మిజూలా నుంచి బయలుదేరి అట్లాంటిక్ దాటి ఫ్రాన్సుకు పోతోంది. నాన్నకు అప్పటికి చెవులు కాస్త మందగించాయి. గిద్దలూరుకు ఫోను చేసి గట్టిగా అరిచి చెప్పాను. మనం చూసిన విమానం నాన్నా, పొగ రోజున, తలుపు లేనిది, అది ఎగురుతోంది ఇప్పుడు.

అవతల చాలాసేపు మాట లేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"దూకకుండా వెనక్కి పోయినతను ఉన్నాడా ఇంకా?" అన్నారు నాన్న.

నేను ఏదో అనేలోపు అమ్మ ఫోను లాక్కుంది. "కంచంలో అన్నం చల్లారిపోతోందే. ఈయన లేవరు. సాయంత్రం చెయ్యి."